జరిగినదంతా మొదటి రోజే చెప్పాలా? థెరపీకి వెళ్లాలనుకుంటున్న ఒక టీచరుకు సమాధానం

ప్రశ్న పొడవైనది, సారాంశం ఇది. అడిగినవారు కడపలో ఒక ప్రైవేటు పాఠశాలలో టీచరు, వయసు ముప్పై నాలుగు. రెండేళ్ల కిందట రాయచోటిలోని పుట్టింటి నుంచి తమ్ముడితో కలిసి బస్సులో తిరిగి వస్తుండగా గువ్వలచెరువు ఘాటులో లారీ ఢీకొంది. కిటికీ పక్కన కూర్చున్న తమ్ముడు అక్కడికక్కడే చనిపోయాడు. ఈమెకు విరిగిన చెయ్యి అతుక్కుంది కానీ నిద్ర తిరిగి రాలేదు. బస్సు ఎక్కలేకపోతున్నారు. అప్పటి నుంచి పుట్టింటి ముఖం చూడలేదు. ఆ రోజు దారిలో కొన్న పాలకోవా పొట్లం ఒళ్లోనే ఉందట. ఇప్పుడు ఎవరింట్లో కోవా వాసన తగిలినా చేతులు వణుకుతున్నాయి. భర్త కువైట్‌లో ఉన్నారు. ఇల్లు కట్టిన అప్పు, చీటీ వాయిదాలు, అత్తగారి అనారోగ్యం, తమ్ముడి పరిహారం కేసు అన్నీ ఈమె నెత్తినే ఉన్నాయి. ఏడాదిగా రాత్రిళ్లు నిద్రమాత్ర వేసుకుంటున్నారు. తరగతిలో పిల్లల మీద అరుస్తున్నందుకు సిగ్గుపడుతున్నారు. అడిగినవి ఇవి: థెరపీకి వెళ్తే జరిగినదంతా మళ్లీ చెప్పించి ఏడిపిస్తారా? ఎన్నాళ్లు పడుతుంది? ఎక్కడికి వెళ్లాలి? ఊళ్లో తెలిస్తే ఎలా? అప్పులకు కౌన్సెలింగ్ ఏం చేస్తుంది? అత్తగారికి ఏమని చెప్పాలి?

అమ్మా, మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. జరిగినదంతా మొదటి రోజే చెప్పనవసరం లేదు, రెండో రోజు కూడా అక్కర్లేదు. పని తెలిసిన థెరపిస్ట్ ఎవరూ మిమ్మల్ని కూర్చోబెట్టిన వెంటనే ఆ ఘాటులోకి తీసుకెళ్లరు. ఎవరైనా తొందరపెడితే "ఇప్పుడు కాదు" అని చెప్పే హక్కు మీకు ఉంది. అనంతపురంలో క్లినికల్ సైకాలజిస్టుగా ఏళ్ల తరబడి పనిచేస్తున్నాను. గడప దాకా వచ్చి వెనక్కి తిరిగే వారిలో ఎక్కువమందిని ఆపేది ఖర్చు కాదు, ఈ భయమే.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. ఒకప్పుడు ఏదైనా ఘోరం జరగగానే బాధితులను కూర్చోబెట్టి అంతా చెప్పించడం మంచిదని మా రంగంలోనూ నమ్మేవారు. దానివల్ల మేలు జరగడం లేదని, కొందరికి కీడు కూడా జరగవచ్చని పరిశోధనల్లో తేలింది. ఆ పద్ధతి వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో స్పష్టంగా చెప్పింది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు ఇల్లు పోయినవారికి ముందు కావలసింది పొడి బట్టలు, తిండి, తమవాళ్ల ఆచూకీ. "ఆ క్షణంలో మీకేమనిపించింది" అన్న ప్రశ్నకు అది సమయం కాదు. థెరపీలోనూ అదే వరస. ముందు ఇవాళ్టి బతుకు కాస్త కుదుటపడాలి, గతం సంగతి ఆ తర్వాత.

మొదటి సెషన్‌లో ఏం జరుగుతుందో చెబుతాను. ఎప్పుడు పడుకుంటారు, ఎన్నింటికి మెలకువ వస్తుంది, ఆకలి ఎలా ఉంది, ఏ మందులు వాడుతున్నారు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, కష్టం వస్తే ఎవరికి ఫోన్ చేస్తారు అని అడుగుతారు. ప్రమాదం గురించి "బస్సు ప్రమాదంలో తమ్ముడు చనిపోయాడు, నేను పక్క సీట్లో ఉన్నాను" అన్న ఒక్క వాక్యం చాలు. ఆ రోజుకు అంతకంటే లోతుకు వెళ్లరు. ఒక ప్రశ్నావళి ఇవ్వవచ్చు. ఎక్కువగా వాడే దానిలో ఇరవై ప్రశ్నలు ఉంటాయి. గత నెల రోజుల్లో అక్కర్లేని జ్ఞాపకాలు ఎంతగా వేధించాయి, ఏయే చోట్లకు వెళ్లకుండా తప్పించుకున్నారు, చిన్న శబ్దానికి ఎంతగా ఉలిక్కిపడ్డారు, ఇలా ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా అంకె వేయాలి. మీరు టీచరు కనుక ముందే చెబుతున్నాను, ఇది పరీక్ష కాదు, మంచి మార్కుల కోసం తగ్గించి వేయకండి. కొన్ని వారాల తర్వాత మళ్లీ అదే కాగితం నింపిస్తారు. చికిత్స పనిచేస్తున్నదో లేదో ఇద్దరికీ తెలిసేది అప్పుడే.

చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా అని కూడా నేరుగా అడుగుతారు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, కాబట్టి కంగారు పడకండి. ఉంటే ఉన్నదని చెప్పండి. ఆ ఆలోచన బలంగా వస్తున్న రోజున మాత్రం సెషన్ తేదీ కోసం ఆగకూడదు. వెంటనే ఎవరినైనా తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి, లేదా ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చేయాలి.

ఉత్తరం చదివి ఎవరూ జబ్బు పేరు నిర్ధారించకూడదు, నేనూ నిర్ధారించను. అయితే మీరు చెప్పిన లక్షణాలు పీటీఎస్‌డీ అనే స్థితిలో, అంటే ఘోరం జరిగాక మనసును వదలకుండా వేధించే ఒత్తిడిలో, తరచుగా కనిపిస్తాయి. అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని తమ జబ్బుల జాబితాలో 1980లో చేర్చింది. ఘోరం జరిగిన తొలి వారాల్లో నిద్ర పట్టకపోవడం, పీడకలలు రావడం ఎవరికైనా సహజమే, చాలామందికి అవి వాటంతట అవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గకుండా రోజువారీ పనులను దెబ్బతీస్తేనే ఆ పేరు వాడతారు. మీకు రెండేళ్లయింది.

కోవా వాసన సంగతి మీకు వింతగా తోచి, "నాకు పిచ్చి పడుతోందా" అని రాశారు. లేదమ్మా. ప్రాణాపాయం వచ్చిన క్షణంలో మెదడు చుట్టుపక్కల ఉన్న ప్రతి దాన్నీ అపాయపు గుర్తుగా రాసుకుంటుంది. బ్రేకుల శబ్దం, డీజిల్ వాసన, ఒళ్లో ఉన్న కోవా, అన్నీ ఒకే ఖాతాలో పడతాయి. ఒకసారి దొంగను చూసిన కాపలా కుక్క ఆ తర్వాత పాలవాడు వచ్చినా మొరిగినట్టు, మీ ఒళ్లు కోవా వాసనకు కూడా హెచ్చరిక చేస్తోంది. పిల్లల మీద అరవడమూ ఇందులో భాగమే. నిద్ర లేక, రోజంతా ఏదో జరగబోతున్నదన్నట్టు బిగుసుకుని ఉన్న మనిషికి వెనక బెంచీలో స్కేలు కిందపడిన చప్పుడే పెద్ద శబ్దం. మీ స్వభావం చెడిపోయిందని అనుకోకండి.

తొలి కొన్ని సెషన్లు ఈ బిగువు తగ్గించడానికే సరిపోతాయి. ఊపిరి వదిలే సమయం పీల్చే సమయం కంటే ఎక్కువగా ఉండేలా నెమ్మదిగా శ్వాసించడం నేర్పిస్తారు. మనసు ఉన్నట్టుండి ఆ బస్సులోకి వెళ్లిపోతే తిరిగి గదిలోకి వచ్చే ఉపాయాలు నేర్పిస్తారు. ఇది థెరపీ మొదలుకాకముందే ప్రయత్నించవచ్చు. తరగతిలో అలాంటిది జరిగితే రెండు పాదాలు నేలకు గట్టిగా ఆనించండి. చేతిలోని సుద్దముక్క గరుకుదనాన్ని వేళ్లతో చూడండి. బోర్డు మీద ఉదయం మీరే రాసిన తేదీని పైకి చదవండి, పిల్లలకు అందులో వింతేమీ కనిపించదు. ఇలాంటి జ్ఞాపకానికి తేదీ ఉండదు, అది ఇప్పుడే జరుగుతున్నట్టు వస్తుంది. అందుకే ఇవాళ్టి తేదీని కళ్లతో చూసి నోటితో పలకడం పనిచేస్తుంది. దీనితో జబ్బు పోదు కానీ, ఆ నిమిషం గడుస్తుంది.

అసలు పని ఆ తర్వాతే. మీ ఉత్తరంలో నా దృష్టి నిలిచిపోయిన వాక్యం ఒకటుంది: "కిటికీ పక్క సీటు నేనే వాడికి ఇచ్చాను." రెండేళ్లుగా మిమ్మల్ని తినేస్తున్నది ఘాటు కంటే ఈ వాక్యమేనని నా అనుమానం. ఇలాంటి ఆలోచనలనే పట్టుకుని పనిచేసే పద్ధతి ఒకటుంది, దాన్ని సీపీటీ అంటారు, సాధారణంగా పన్నెండు సెషన్లు. అందులో థెరపిస్ట్ "మీ తప్పు కాదు" అని బుజ్జగించరు. ఆ మాట బంధువులు ఇప్పటికే వందసార్లు అని ఉంటారు, పనిచేయలేదు కదా. బదులుగా ప్రశ్నలు అడుగుతారు. సీటు ఇచ్చేటప్పుడు మీకు తెలిసినది ఏమిటి, తర్వాత తెలిసినది ఏమిటి? ఎందుకు ఇచ్చారు? గాలి వస్తుందని, వాడు అడిగాడని. జరగబోయేది ముందే తెలిసి చేసిన పనిని తప్పు అంటాం. తెలియక ప్రేమతో చేసిన పనికి ఏ పేరు పెట్టాలో మీరే కాగితం మీద రాస్తారు. ఏడుపు రావచ్చు. అది మీరు ఒంటరిగా ఏడ్చే ఏడుపులా ఉండదు.

రెండో పద్ధతి, తప్పించుకుంటున్న వాటి దగ్గరకు మెట్టు మెట్టుగా వెళ్లడం. అమెరికాలో ఎడ్నా ఫోవా అనే మనస్తత్వవేత్త రూపుదిద్దిన ఈ చికిత్స ఎనిమిది నుంచి పదిహేను సెషన్లు నడుస్తుంది. మీకు భయమేసే పనులన్నీ రాసి, ఒక్కోదానికి సున్నా నుంచి వంద దాకా భయం అంకె వేయిస్తారు. మీ జాబితా ఇలా ఉండవచ్చని ఊహిస్తున్నాను. కడప బస్టాండు ఎదుట పావుగంట నిలబడటం ముప్పై. ఆగి ఉన్న బస్సులో ఎక్కి కూర్చోవడం నలభై ఐదు. ఊళ్లోనే రెండు స్టాపులు వెళ్లడం యాభై ఐదు. రాయచోటి బస్సెక్కి ఘాటు మొదలయ్యే ముందే దిగి తిరిగి రావడం డెబ్బై. గువ్వలచెరువులో దిగి కోవా కొనడం తొంభై ఐదు. కింది మెట్టుతో మొదలుపెడతారు. అక్కడే ఉండాలి, భయం తనంతట తాను దిగేదాకా. మధ్యలో పారిపోయి వస్తే "పారిపోయాను కాబట్టి బతికాను" అని మెదడు నేర్చుకుంటుంది. అందుకే తొందరపడి ఒకేసారి పెద్ద మెట్టు ఎక్కకూడదు. "ధైర్యం చేసి ఒకసారి వెళ్లిపో, అంతా పోతుంది" అనే బంధువులను దయచేసి వినకండి. ఎవరు తోడు రావాలి, ఏ రోజు, ఎంతసేపు, అన్నీ మీరూ థెరపిస్టూ కలిసి రాసుకుంటారు. దీనితోపాటు, మీరు సిద్ధమయ్యాక, ఆ రోజు కథను సెషన్‌లో మొదటి నుంచి చివరి దాకా చెప్పే భాగం కూడా ఉంటుంది. నెమ్మదిగా, చాలాసార్లు, పక్కన మనిషి ఉండగా. ఆ రోజుకు మీరు ఇవాళ్టి మనిషిగా ఉండరు.

కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేసే ఈఎండీఆర్ గురించి కూడా అడిగారు. ఫ్రాన్సిన్ షపీరో 1987లో మొదలుపెట్టిన పద్ధతి అది. పనిచేస్తుందనడానికి ఆధారాలు ఉన్నాయి, అందులో కళ్ల కదలిక పాత్ర ఎంత అన్నదానిపై వాదన ఉంది. శిక్షణ పొందినవారు దొరికితే మంచిదే, దొరకలేదని దిగులు పడనక్కర్లేదు. ఒక హెచ్చరిక మాత్రం: ఏ పద్ధతిలోనైనా జ్ఞాపకాలను కదిపిన తొలి వారాల్లో కలలు ఎక్కువ కావచ్చు. చాలామంది మానేసేది సరిగ్గా అప్పుడే. మానకుండా ఆ మాటే వచ్చే సెషన్‌లో చెప్పండి, వేగం తగ్గిస్తారు.

తమ్ముడు లేని లోటు వేరు, ప్రమాదపు భయం వేరు. భయం తగ్గాక దుఃఖం పెరిగినట్టు అనిపిస్తుంది. ఇన్నాళ్లు దానికి చోటు దొరకలేదు, అంతే.

ఇక అప్పులు. ఏ కౌన్సెలింగూ చీటీ వాయిదా కట్టదు, ఆ మాట ఒప్పుకుందాం. భర్త దూరంగా ఉండి, ఇల్లు ఒక్కచేత్తో నడిపే ఆడవారు కడప, రాయచోటి ప్రాంతాల్లో ఎంతమందో మీకే బాగా తెలుసు. ఆ ఒత్తిడిని జబ్బు అని పిలవడం నాకు ఇష్టం లేదు. కానీ నిద్ర లేని మెదడుకు సమస్యలన్నీ కలిసి ఒకే గుట్టలా కనిపిస్తాయి. వాటిని విడదీసి, మన చేతిలో ఉన్నది ఏది, లేనిది ఏది, ఈ వారం చేయగల ఒక్క పని ఏది అని చూడటం కూడా చికిత్సలో భాగమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇదే పనికి ఐదు సెషన్ల చిన్న కార్యక్రమాన్ని తయారుచేసింది. మీ విషయంలో వెంటనే చేతికి అందేది పరిహారం కేసు. మహిళలకు, ఆదాయంతో పనిలేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలో ఉంది. కడప కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి అడగండి. వకీలు ఫీజు బరువు కొంతైనా దిగుతుంది. ఆ కేసులో మీరు సాక్షి కనుక, ఏదో ఒక రోజు కోర్టులో జరిగినది చెప్పాల్సి వస్తుంది. ఆ వాయిదా తేదీ థెరపిస్టుకు ముందే తెలియాలి. దానికి ముందు వారమూ తర్వాతి వారమూ కొత్త మెట్లు ఎక్కించరు.

నిద్రమాత్ర గురించి కటువుగానే చెబుతాను. ఆల్‌ప్రజోలమ్ రకం మాత్రలు మన ఊళ్లలో శనగల్లా పంచుతున్నారు. దుర్ఘటన జరిగిన తొలి నెలలో వచ్చే బాధకు ఆ రకం మందులు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే 2013 సూచనల్లో చెప్పింది. అలవాటు పడతాం, పైగా భయాన్ని ఎదుర్కొని నేర్చుకోవాల్సినదాన్ని అవి మత్తులో ముంచేస్తాయి. కానీ ఇది చదివి ఈ రాత్రే ఆపేయకండి. ఏడాదిగా వాడుతున్న మాత్రను ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. సైకియాట్రిస్టు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. అవసరమైతే సెర్ట్రలిన్ వంటి మందు మొదలుపెడతారు. అది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మత్తు కలిగించే రకం కాదు. మందూ మాటలూ రెండూ కలిసి నడవవచ్చు, ఒకటి తీసుకుంటే రెండోది ఓటమి కాదు.

ఎక్కడికి వెళ్లాలి? కడప రిమ్స్ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అనంతపురం, కర్నూలు సర్వజన ఆసుపత్రుల్లోనూ ఉంది. ఓపీలో జనం ఎక్కువ, డాక్టరు మీతో గడిపే సమయం తక్కువ. మందుల సంగతి తేల్చుకోవడానికి అది చాలు, వారం వారం మాట్లాడే థెరపీ కావాలంటే అక్కడ క్లినికల్ సైకాలజిస్ట్ ఉన్నారా అని విడిగా అడగాలి. బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్లమని ఎవరో చెప్పారన్నారు. మానసిక వైద్యంలో గొప్ప సంస్థే. మన పక్కనున్న బళ్లారి జిల్లాలో 1980లలో వారు చేసిన ప్రయోగం ఆధారంగానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది. కానీ కడప నుంచి బెంగళూరు బస్సు వెళ్లేది రాయచోటి మీదుగా, అంటే అదే ఘాటులోంచి. కాబట్టి దానిని ఇప్పుడే నెత్తికెత్తుకోకండి. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ వారం వారం జరిగే చికిత్సకు బదులు కాదు కానీ, మొదటి అడుగుకు సరిపోతుంది. థెరపీని వీడియో ద్వారా కూడా తీసుకోవచ్చు. హైదరాబాదులో ఉన్న తెలుగు థెరపిస్టుతో మీ పడకగదిలోంచే మాట్లాడవచ్చు, తలుపు వేసుకునే వీలుంటే.

ప్రైవేటుకు వెళ్తే బోర్డు చూసి నమ్మకండి. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి నమోదు సంఖ్య ఉండాలి. 1992 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన ఈ మండలి వెబ్‌సైటులో ఆ పేరు ఉందో లేదో చూసుకోవచ్చు. సైకియాట్రిస్టు అయితే ఎండీ గానీ, దానికి సమానమైన డిగ్రీ గానీ ఉన్న వైద్యుడు. వ్యక్తిత్వ వికాస తరగతులు చెప్పేవారు, హిప్నాటిజంతో మూడు సిట్టింగుల్లో గ్యారంటీ అనేవారు మన జిల్లాల్లో కొదవలేదు. గ్యారంటీ మాట వినపడగానే లేచి వచ్చేయండి. "ఇలాంటి ప్రమాదాల తర్వాత వచ్చే సమస్యలకు మీరు ఏ పద్ధతి వాడతారు, ఎన్ని సెషన్లు, ఒక్కోదానికి ఎంత?" అని ఫోన్‌లోనే అడగండి. అడిగినందుకు విసుక్కునేవారి దగ్గర మీ కథ చెప్పలేరు. మూడు నాలుగు సెషన్ల తర్వాత మనసు కుదరకపోతే మనిషిని మార్చుకోవడంలో మొహమాటం వద్దు.

రహస్యం సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ వివరాలు గోప్యంగా ఉంచే హక్కును ఇచ్చింది. మీ ప్రాణానికో, మరొకరికో అపాయం ఉన్నప్పుడు, పిల్లలపై లైంగిక దాడి సంగతి బయటపడినప్పుడు మాత్రం దానికి మినహాయింపు ఉంది. మొదటి రోజే ఈ మినహాయింపుల గురించి చెప్పించుకోండి. వెయిటింగ్ హాలులో తెలిసినవారు కనిపిస్తారేమో అన్న బెంగ ఉంటే, వారూ చూపించుకోవడానికే వచ్చి ఉంటారని గుర్తుపెట్టుకోండి.

అత్తగారు పెద్ద దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించారని రాశారు. ఉండనివ్వండి. ఆమె చేతనైన ప్రేమ అది, మందు ఆపమననంత వరకు దానితో నాకు పేచీ లేదు. ఆమెతో పీటీఎస్‌డీ గురించి ఉపన్యాసం అక్కర్లేదు. "రెండేళ్లుగా నిద్ర లేదు అత్తమ్మా, డాక్టరుకు చూపించుకుంటాను, వారానికి ఒక గంట పిల్లలను చూడండి" అంటే చాలు. అందులో అబద్ధం లేదు. కువైట్‌కు ఫోన్ చేసినప్పుడు మాత్రం భర్తకు సగం కాకుండా మొత్తం చెప్పండి, డబ్బు పంపే మనిషికి లెక్క తెలియాలి. మొదటిసారి వెళ్లేటప్పుడు నిద్రమాత్రల అట్ట, చేతి ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకెళ్లండి. నడిచో ఆటోలోనో వెళ్లగల చోటునే ఎంచుకోండి.